ట్రయల్స్ ప్రాక్టీసుకి ఎలక్ట్రిక్ బండా, పెట్రోల్ బండా? ముందు ఎడమ చేతి సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉద్యోగం, వయసు 38. రెండు నెలల క్రితం మోటార్‌సైకిల్ ట్రయల్స్ క్లబ్బులో చేరారు. ఎవరిదో బండి అడిగి తీసుకుని మూడు ఆదివారాలు నడిపారు, పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు సొంత బండి కావాలి. చేతిలో 5,000 పౌండ్లున్నాయి, గట్టిగా అనుకుంటే ఇంకో 2,000 సర్దగలరు. ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక రైతు తన పొలం చివర రాళ్ళూ చిన్న వాగూ ఉన్న జాగా వాడుకోమన్నాడు, కానీ చప్పుడైతే పక్కింటావిడ ఊరుకోదని ముందే హెచ్చరించాడు. ఈ పరిస్థితిలో ఎలక్ట్రిక్ తీసుకోవాలా, పెట్రోల్ తీసుకోవాలా?

నేను యార్క్‌షైర్‌లో 14 ఏళ్ళుగా ట్రయల్స్ నడుపుతున్నాను. ఛాంపియన్నేమీ కాదు, క్లబ్బు పోటీల్లో మధ్య రకం రూట్‌లో మధ్యలో ఎక్కడో మిగిలేవాణ్ణి. అయితే రెండు రకాల బళ్ళూ నా సొంత డబ్బుతో కొన్నాను, రెండూ పాడుచేసుకున్నాను, ఇప్పటికీ గ్యారేజ్‌లో రెండూ ఉన్నాయి. కాబట్టి దేనికీ వకాల్తా పుచ్చుకోవాల్సిన అవసరం నాకు లేదు.

ఇది చదివే మిగతావాళ్ళకి ఒక్క మాట. ట్రయల్స్ అంటే గాల్లోకి ఎగిరే మోటోక్రాస్ కాదు. సీటు లేని, 70 కిలోలు అటూ ఇటూగా ఉండే బండి మీద నిలబడి, నడక వేగంతో బండరాళ్ళు, చెట్ల వేళ్ళు, వాగులు దాటాలి. రిబ్బన్లు కట్టిన ఒక్కో ముక్కని సెక్షన్ అంటారు. కాలు ఒకసారి నేలకి ఆనిస్తే 1 పాయింటు, రెండుసార్లయితే 2, మూడూ అంతకు మించితే ఎన్నిసార్లయినా 3. బండి ఆగిపోయినా, పడిపోయినా, రిబ్బన్ దాటి బయటికి పోయినా 5. తక్కువ పాయింట్లు వచ్చినవాడిదే గెలుపు. హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా ఖాజాగూడ గుట్టలు చూస్తే నాకు సెక్షన్లే కనిపిస్తాయి. చూసి ఊరుకుంటాను లెండి, ఆ రాళ్ళని వాటి మానాన ఉండనివ్వాలి.

ఎలక్ట్రిక్ గురించి అడిగేవాళ్ళందరూ ముందు బ్యాటరీ ఎంతసేపు వస్తుందని అడుగుతారు. నేనైతే దానికి క్లచ్ ఉందా అని అడుగుతాను.

ఎందుకంటే ట్రయల్స్‌లో సగం విద్య ఎడమ చూపుడు వేల్లో ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్ మరీ నెమ్మదిగా తిరిగితే గుటుక్కుమని ఆగిపోతుంది. కాబట్టి ఇంజిన్‌ని కాస్త వేగంగా తిరగనిచ్చి, ఎంత బలం చక్రానికి చేరాలో ఒక్క వేలితో క్లచ్ మీద కొలిచి వదులుతాం. ఇదొక భాగం. రెండోది, ఎత్తయిన మెట్టు లాంటి రాయి ఎదురైనప్పుడు. అప్పుడు క్లచ్ నొక్కి ఇంజిన్‌ని ఒక్క ఊపు తిప్పి, ఫ్లైవీల్ అనే బరువైన చక్రంలో చేరిన బలాన్ని ఒక్కసారిగా వదిలితే బండి రాయి మీదికి దూకుతుంది. తిరగలి విసిరిన ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. రాయి ఊపందుకున్నాక చెయ్యి తీసేసినా ఇంకో చుట్టు తిరుగుతుంది చూడండి, ఆ చుట్టుని దాచిపెట్టుకుని కావలసిన క్షణంలో వాడుకోవడమే క్లచ్ పని.

ఎలక్ట్రిక్ మోటారుకి మొదటి సమస్య లేదు. నిలబడ్డ చోటి నుంచే పూర్తి లాగుడు ఇస్తుంది, ఆగిపోవడమన్నదే లేదు. అందుకే తొలితరం ఎలక్ట్రిక్ ట్రయల్స్ బళ్ళు చాలావాటికి క్లచ్ పెట్టలేదు. ఎడమ వైపు లీవరే ఉండదు, లేదా దానికి వెనక బ్రేక్ తగిలించి ఉంటుంది. కొత్తవాళ్ళకి స్వర్గంలా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

నా కథ చెప్తాను. చాలాకాలం రెండు స్ట్రోకుల 250 సీసీ పెట్రోల్ బండి నడిపాక, ఒక ఏడాది చలికాలంలో క్లచ్ లేని ఎలక్ట్రిక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంటి వెనక పెరట్లో దుంగలు, ప్యాలెట్లు, పాత లారీ టైర్లు పరిచి వారానికి నాలుగైదు సాయంత్రాలు దాని మీదే. ఎనిమిది అంకె ఆకారంలో చిన్న చిన్న చుట్లు, హ్యాండిల్ పూర్తిగా తిప్పి మలుపులు, కదలకుండా బ్యాలెన్స్. ఆరు నెలల్లో నా బ్యాలెన్స్ నిజంగానే బాగుపడింది, శరీరం ఎక్కడ పెట్టాలో తెలిసొచ్చింది. ఆ ఉత్సాహంతో వసంతంలో పెట్రోల్ బండి బయటికి తీసి క్లబ్బు పోటీకి వెళ్ళాను. మొదటి సెక్షన్‌లో రెండో మలుపు దగ్గర బండి ఆగిపోయింది. 5. రెండో సెక్షన్, వాగు ఒడ్డున చిన్న మెట్టు, క్లచ్ ఒక్క రవ్వ ముందే వదిలేశాను, ముందు చక్రం ఆకాశంలోకి లేచింది. 5. మూడోదాంట్లోనూ 5. ఆ రోజు నా వెనకే వచ్చిన డెబ్బై ఏళ్ళ పెద్దాయన నా మొహం చూసి, "చెయ్యి నిద్రపోయిందా?" అని అడిగాడు. సరిగ్గా అదే జరిగింది. ఆరు నెలలు నా ఎడమ చెయ్యి ఖాళీగా కూర్చుంది.

అందుకే చెప్తున్నాను, పెద్దవాళ్ళు ప్రాక్టీసు కోసం ఎలక్ట్రిక్ కొంటే క్లచ్ ఉన్నదే కొనాలి. ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. యమహా 2018లో తన టీవై-ఇ బండిని పోటీకి దించినప్పుడు ఎలక్ట్రిక్ మోటారుకే క్లచ్చూ ఫ్లైవీలూ తగిలించింది. ఫ్రాన్స్‌కి చెందిన ఎలక్ట్రిక్ మోషన్ కంపెనీ కూడా తన పోటీ బళ్ళకి హైడ్రాలిక్ క్లచ్ పెట్టింది. దాంతోపాటు, ఇంజిన్ ఐడిల్‌లో తిరిగినట్టు మోటారు ఊరికే తిరుగుతూ ఉండే ఏర్పాటు కూడా ఇచ్చింది. ఆ ఏర్పాటు ఆన్ చేసుకుంటే క్లచ్ నొక్కకుండా ఆగడం కుదరదు, అంటే వేలికి పని పడినట్టే. క్లచ్ లేకుండానే నడిచే మోటారుకి ఇంత ఖర్చు పెట్టి క్లచ్ ఎందుకు బిగిస్తున్నారో ఆలోచిస్తే ఆ వేలి విలువ తెలుస్తుంది.

పిల్లల సంగతి వేరు. ఓసెట్ అని చిన్న పిల్లల ఎలక్ట్రిక్ ట్రయల్స్ బళ్ళు ఉన్నాయి, ఇంగ్లండ్‌లో ఒక తండ్రి తన కొడుకు కోసం చేసిన బండితో 2004లో మొదలైన కంపెనీ. 2022లో ట్రయంఫ్ దాన్ని కొనేసింది. ఆరేళ్ళ పిల్లకి క్లచ్ ఎందుకు? బ్యాలెన్స్, బ్రేకు, చూపు నేర్చుకుంటే చాలు. మీ పాప గురించి కూడా చివర్లో అడిగారు కాబట్టి చెప్తున్నా, ఆమెకి ఏ సందేహం లేకుండా ఎలక్ట్రిక్కే.

ఇప్పుడు ఎలక్ట్రిక్ వైపు మాట. వింటే చిన్నగా అనిపిస్తుంది కానీ నా లెక్కలో చాలా పెద్దది. ట్రయల్స్‌లో ఆదివారం పోటీలతో ఎవడూ బాగుపడడు. పది సెక్షన్లు, నాలుగు రౌండ్లు అనుకుంటే రోజంతా కలిపి నలభై ప్రయత్నాలు, ఒక్కోటీ నిమిషం. అంటే నిజంగా నడిపింది ముప్పావు గంట కూడా ఉండదు. అసలు నేర్పు వచ్చేది ఒకే మలుపుని ఒకే సాయంత్రం యాభై సార్లు తిరిగినప్పుడు. ఆఫీసు నుంచి ఆరింటికి ఇంటికొచ్చి, బూట్లు తొడుక్కుని, ఎవరికీ తెలియకుండా అరగంట తిరిగి, ఎనిమిదికి అన్నానికి కూర్చోగలిగితే ఆ బండే మీకు గురువు. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకీ వెలుగుంటుంది. పెట్రోల్ బండితో నాకు ఆ అరగంట ఎప్పుడూ దొరకలేదు. వ్యాన్‌లోకి ఎక్కించాలి, ఆయిల్ కలిపిన పెట్రోలు చూసుకోవాలి, ఊరికి దూరంగా పోవాలి. మూడు గంటల పని అయ్యేసరికి నెలకి రెండుసార్లే కుదిరేది.

ఇంకో లాభం నేను ముందు ఊహించలేదు. చప్పుడు లేకపోతే టైరు మాట్లాడటం వినిపిస్తుంది. తడి రాయి మీద వెనక టైరు పట్టు వదలబోయే ముందు చిన్నగా గీసుకున్న చప్పుడు వస్తుంది, బురదలో అయితే చప్‌మని ఇంకో రకం. పెట్రోల్ బండి మీద పదేళ్ళు తిరిగినా నాకు ఆ తేడా తెలియలేదు. ఎలక్ట్రిక్ మీద రెండు వారాల్లో తెలిసింది. ఇప్పుడు పెట్రోల్ బండి మీద కూడా ఆ క్షణం కాళ్ళకి తెలుస్తోంది. పక్కన నిలబడి నేర్పేవాళ్ళ మాట వినబడటం కూడా చిన్న విషయం కాదు. "మోకాలు వదులు చెయ్యి" అన్న మాట మలుపు మధ్యలో చెవిన పడితే ఒక విలువ, మలుపు అయ్యాక వింటే ఇంకో విలువ.

బ్యాటరీ సంగతి. భయపడినంత ఏమీ లేదు. పోటీ రకం బ్యాటరీ రెండున్నర యూనిట్ల కరెంటు చుట్టూ పడుతుంది. ట్రయల్స్ ప్రాక్టీసు నడక వేగంతో, ఎక్కువసేపు నిలబడి ఆలోచించుకుంటూ సాగుతుంది కాబట్టి నేను అలిసిపోతాను కానీ అది అలిసిపోదు. రెండు గంటలు మలుపులు తిరిగినా మిగులుతుంది. ఛార్జ్ తినేసేవి మూడు, లోతైన బురద, పొడవాటి నిటారు ఎక్కుడు, సెక్షన్ల మధ్య దూరం. మూడోది పోటీల్లోనే వస్తుంది. మామూలు క్లబ్బు పోటీకి సరిపోతుంది. కానీ ఫోర్ట్ విలియమ్‌లో జరిగే స్కాటిష్ సిక్స్ డేస్ లాంటి పోటీ మీ కల అయితే, అక్కడ రోజుకి 30 సెక్షన్లు, వాటి మధ్య కొండల మీదా రోడ్ల మీదా మైళ్ళకి మైళ్ళు. మన యార్క్‌షైర్ స్వేల్‌డేల్‌లో జరిగే స్కాట్ ట్రయల్ అయితే టైముతో కూడా పోటీయే. ఆ రెండింటికీ పెట్రోలే.

చలికాలంలో ఒక జాగ్రత్త. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే కింద ఛార్జ్ చెయ్యకూడదు, లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. ఇక్కడి గ్యారేజ్‌లు జనవరిలో ఫ్రిజ్‌లే. బ్యాటరీ ఊడదీయగలిగేదైతే ఇంట్లోకి తెచ్చి, వెచ్చబడ్డాకే ఛార్జర్ పెట్టండి. నెలల తరబడి వాడకపోతే నిండుగా పెట్టి వదిలెయ్యకండి, సగం చుట్టూ ఉంచండి.

ఇక ప్రమాదం. ఇది మీరు అడగలేదు, అయినా చెప్పి తీరాలి. పెట్రోల్ బండి బతికి ఉందో లేదో చెవికి తెలుస్తుంది. ఎలక్ట్రిక్ బండి నిశ్శబ్దంగా బతికే ఉంటుంది. నేను ఒకసారి దుంగ మీద నుంచి పక్కకి పడ్డాను, దెబ్బలేమీ తగల్లేదు. లేచి, బండిని లేపడానికి అలవాటు ప్రకారం కుడి చేత్తో హ్యాండిల్ పట్టుకున్నాను. పట్టుకున్నది థ్రాటిల్, అంటే యాక్సిలరేటర్. బండి నా చేతిలోంచి దూసుకుపోయి రాతి గోడకి కొట్టుకుంది. ముందు మడ్‌గార్డ్ రెండు ముక్కలు, నా మణికట్టు మూడు వారాలు కట్టులో. గోడకి బదులు నా కూతురు నిలబడి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది. మణికట్టుకి తగిలించుకునే అయస్కాంతం తాడు ఉంటుంది కదా, అది లాగితే కరెంటు ఆగుతుంది. కిందకి దిగినప్పుడల్లా, పడినప్పుడల్లా, ఫొటో కోసం ఆగినప్పుడల్లా అది లాగేయండి. పెట్రోల్ బండికీ ఆ తాడు ఉంటుంది, కానీ దాన్ని నిర్లక్ష్యం చేస్తే చప్పుడైనా హెచ్చరిస్తుంది.

చాలామంది కొత్తవాళ్ళు పడే ఇంకో పొరపాటు చట్టం విషయంలో. చప్పుడు లేదు కాబట్టి ఊరి బయట మూర్లనే బీడు కొండనేలల మీదో, గుర్రాల దారి మీదో తిరగొచ్చనుకుంటారు. కుదరదు. 250 వాట్ల సాయం ఇచ్చే ఎలక్ట్రిక్ సైకిల్ వేరు, ఇది వేరు. చట్టం దృష్టిలో ఇది పెట్రోల్ బండి లాంటి మోటారు వాహనమే. అనుమతి లేకుండా మూర్ మీద నడపడం 1988 రోడ్ ట్రాఫిక్ చట్టం ప్రకారం నేరం. జనానికి ఇబ్బంది కలిగేలా నడిపితే 2002 పోలీస్ సంస్కరణల చట్టం కింద బండి స్వాధీనం చేసుకోవచ్చు. మీకు రైతు అనుమతి ఉంది, అది బంగారం. కానీ నోటి మాట కాకుండా ఒక మెసేజ్ రూపంలోనైనా రాయించుకోండి. పొలానికి పోయే దారిలో జనం నడిచే కాలిబాట ఉంటే, దాని మీద బండి నడపకండి.

పెట్రోల్ వైపు కూడా న్యాయంగా చెప్పాలి. రెండు స్ట్రోకుల 250 ఒక అద్భుతమైన వస్తువు. మా నాన్నకి ఆర్‌ఎక్స్ 100 ఉండేది, కర్నూలు ఎండలో ఆ టూటీ ఆయిల్ వాసన పీలుస్తూ పెరిగినవాణ్ణి. ఇక్కడ మంచుపడ్డ ఉదయం బండి స్టార్ట్ చేసినప్పుడు అదే వాసన వస్తే ఒక్క క్షణం అలా నిలబడిపోతాను. అభిమానం పక్కన పెడితే, దాని గొప్పతనం సరళత్వంలో ఉంది. ట్యాంకు మూడు లీటర్లు కూడా పట్టదు, 80 వంతుల పెట్రోల్‌కి 1 వంతు చుట్టూ ఆయిల్ కలిపితే సరి. పిస్టన్ మార్చడం శనివారం మధ్యాహ్నం పని. ఎనిమిదేళ్ళ పాత బండి కూడా విడిభాగాలు దొరికి, మళ్ళీ అమ్మితే దాదాపు కొన్న ధరకి పోతుంది.

తలనొప్పులు లేకపోలేదు. 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. నెల రోజులు అది కార్బురేటర్‌లో నిల్వ ఉంటే పెట్రోలు పోయే సన్న రంధ్రం (జెట్) మూసుకుపోయి, బండి స్టార్ట్ అవుతుంది కానీ ఐడిల్ నిలవదు. కొత్తవాళ్ళు ఇంజిన్ పోయిందని కంగారు పడతారు. ఇథనాల్ తక్కువుండే ప్రీమియం రకం పొయ్యండి, పెట్టేసే ముందు కార్బురేటర్ ఖాళీ చెయ్యండి. ఇంకోటి, కారు వెనక సీట్లు మడిచి బండి పడుకోబెడితే పెట్రోలు కారుతుంది, ఆ వాసనకి ఇంట్లో గొడవ. ఎలక్ట్రిక్‌ని పడుకోబెట్టొచ్చు. మా ఆవిడ ఎలక్ట్రిక్‌కి ఓటేసింది ఈ ఒక్క కారణంగానే.

మెయింటెనెన్స్ లేదు అని ఎలక్ట్రిక్ అమ్మేవాళ్ళు చెప్పే మాట సగమే నిజం. ఇంజిన్‌కి చెయ్యాల్సిన పని ఉండదు. కానీ చైను, బ్రేక్ ప్యాడ్లు, చక్రాల బేరింగులు, వెనక సస్పెన్షన్ లింకేజ్, ఇవన్నీ అదే బురద తింటాయి, అంతే వేగంగా అరుగుతాయి. టైర్ల గాలి రెండింటికీ ఒకటే, వెనక 4 పీఎస్‌ఐ దగ్గర, ముందు 5, 6. ప్రెషర్ వాషర్‌తో మోటారు సీళ్ళ మీదికి కొడితే మాత్రం పెట్రోల్ బండి క్షమించినట్టు ఎలక్ట్రిక్ క్షమించదు.

డబ్బు. నేను చూస్తున్నంతలో బాగున్న సెకండ్ హ్యాండ్ 250 మీ 5,000లో సులభంగా వస్తుంది, హెల్మెట్‌కీ బూట్లకీ మిగులుతుంది కూడా. క్లచ్ ఉన్న ఎలక్ట్రిక్ కొత్తది మీ బడ్జెట్ దాటిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో 7,000 లోపు దొరకొచ్చు కానీ ఓపిక కావాలి. అసలు భయం బ్యాటరీ. కొనేముందు ఆ మోడల్ బ్యాటరీ ధర డీలర్‌ని అడగండి, అది విన్నాక బేరం ఎలా చెయ్యాలో మీకే తెలుస్తుంది. పూర్తి ఛార్జ్ పెట్టించి, అమ్మేవాడి సమక్షంలో ఒక ఎక్కుడు పదే పదే ఎక్కించి గంట తర్వాత ఎంత మిగిలిందో చూడండి. ఐదు నిమిషాలు కారు పార్కింగ్‌లో తిప్పి కొనేవాడికి ఏమీ తెలియదు.

సరే, మీరైతే ఏం చెయ్యాలి? నేను మీ స్థానంలో ఉంటే ఇంకా ఏమీ కొనను. ముందు క్లబ్బులో ఎవరినైనా బతిమాలి వాళ్ళ 250ని, వీలైతే మోంటెసా కంపెనీ నాలుగు స్ట్రోకుల బండిని కూడా ఆ పొలానికి తీసుకురమ్మంటాను. మోంటెసా చప్పుడు బొంగురుగా, మెత్తగా ఉంటుంది. స్పెయిన్ రైడర్ టోనీ బౌ 2007 నుంచి ఏటేటా ప్రపంచ టైటిల్ కొట్టింది ఆ కోవలోని బండి మీదే. పక్కింటావిడ తలుపు తట్టి, ఇది ఇంత చప్పుడు చేస్తుంది, వారానికి రెండు రోజులు, ఏడింటి లోపల ఆపేస్తాం అని వినిపించి అడుగుతాను. ట్రయల్స్ బండి అంటే మోటోక్రాస్ గోల అని భయపడేవాళ్ళు నిజంగా విన్నాక, ఓస్ ఇంతేనా అనడం నేను రెండుసార్లు చూశాను. ఆవిడ ఒప్పుకుంటే మంచి 250 కొనండి. 300 వద్దు, దాని దూకుడు మీకింకా రెండేళ్ళు పనికిరాదు. 125 కూడా వద్దు, దాన్ని లాగించడానికి ఇంజిన్‌ని ఎప్పుడూ వేగంగా తిప్పుతూనే ఉండాలి.

ఆవిడ ఒప్పుకోకపోతే, క్లచ్ ఉన్న సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కోసం మీ 7,000 దాచి మూడు నెలలు వెతకండి. నిజం చెప్పాలంటే నా మనసు కొంచెం ఇటువైపే మొగ్గుతోంది, ఎందుకంటే పది నిమిషాల దూరంలో ఉన్న ఆ పొలం మీకు వారానికి నాలుగు సాయంత్రాలు ఇవ్వగలదు. 2004 ప్రపంచ ఛాంపియన్ ఫుజినామి తకాహిసా 2024లో హోండా ఎలక్ట్రిక్ మీద జపాన్ జాతీయ పోటీల్లో దిగి గెలిచాడు, కాబట్టి ఇది ఆటబొమ్మ అన్న కాలం అయిపోయింది. కొన్నాక క్లచ్ వాడకుండా నడపగలిగే సదుపాయం ఉన్నా మొదటి ఏడాది వాడకండి. ఐడిల్ ఏర్పాటు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి.

చవగ్గా వస్తోందని క్లచ్ లేని పాత ఎలక్ట్రిక్ మాత్రం తీసుకోకండి. అంతకంటే ఆ డబ్బుతో పెట్రోల్ 250 కొని ఆదివారాలు నడుపుతూ, మిగతా రోజులు పెరట్లో పాత సైకిల్ మీద కదలకుండా నిలబడటం నేర్చుకోండి.

బూట్లు మాత్రం బండి కంటే ముందు కొనండి. నీళ్ళు చొరనివి, చీలమండ దాకా గట్టిగా ఉన్న ట్రయల్స్ బూట్లే. మూడు ఆదివారాలూ ట్రెక్కింగ్ షూలతో నడిపానని రాశారు, అది చదివాక నాకు మీ బండి కంటే మీ చీలమండల గురించే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.